ఎర్రవాగు చప్టా మీద ఆగిన ఇంజిను

నంద్యాల రైల్వే స్టేషను ముందర టాక్సీలు ఆగేచోట యోబును ఎరగనోళ్లు తక్కువ. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట పొదుపు. పద్నాలుగో ఏట వేరుశెనక్కాయల లారీకి క్లీనరుగా ఎక్కినాడు. లైసెన్సు చేతికొచ్చినాక కొన్నేండ్లు లారీ, ఆ తరవాత పదేండ్లు ఒక రోడ్డు కంట్రాక్టరు జీపు తోలినాడు. 1976లో నూనెమిల్లు సోమశేఖర్ శెట్టి వాడుకొని పక్కన పెట్టిన అంబాసిడరు కొని టాక్సీ చేసుకున్నాడు. అది పెట్రోలు బండి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, ఆళ్లగడ్డ నుంచి చుట్టుపక్కల పల్లెలకు, శివరాత్రికి మహానందికి, ఎవరికన్నా ఆపద వస్తే పెద్దాసుపత్రికి తిరిగేవాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టి ఏ ప్లగ్గు సరిగా కొట్టడం లేదో చెప్పగలడని మెకానిక్కు హుసేన్ పీరా నలుగురిలో అనేవాడు.

నల్లమల ఘాటులో పొగమంచుకు రోడ్డు కనపడకపోతే క్లీనరును ముందర నడిపించుకుంటా లారీ దింపిన రోజులున్నాయి యోబుకు. అప్పుడు కూడా పెద్దగా భయపడినవాడు కాదు. భయమంటే ఏందో ఆయనకు తెలిసింది నలభై ఒకటో ఏట, 1980 అక్టోబరులో, ఎర్రవాగు మీద.

ఆ పొద్దు ఏడుగంటలకు ఆళ్లగడ్డలో దిగీ దిగకముందే ఒక మనిషి వచ్చి నల్లరేగడిపల్లెకు పిలుచుకపోయినాడు. అది ఆళ్లగడ్డకు మూడు కోసుల దూరం, వాగు అవతల. ఆ ఊళ్లో కృష్ణమ్మ అనే ఆమెకు రెండు దినాలుగా నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది. కృష్ణమ్మ మొగుడు మిరపకాయల పనికి గుంటూరు పోయినాడు, ఇంట్లో ఉండేది అత్త రంగమ్మ ఒక్కతే. ఎర్రవాగుకు వంతెన లేదు, చప్టా ఉంది. వాగు అడుగునే రాళ్లు పరిచి సిమెంటు పోసిన దోవ అది. ఎండాకాలం దాని మీద దుమ్ము, వానాకాలం దాని మీద నీళ్లు. రెండు పక్కలా దోవ తెలియడానికి సున్నం పూసిన రాళ్లు పాతినారు. యోబు పోయేటప్పుడు నీళ్లు చీలమండ వరకే ఉన్నాయి.

పిలవనొచ్చిన మనిషిని ఊళ్లోనే దించి, కృష్ణమ్మను వెనక సీట్లో రంగమ్మ ఒళ్లో తల పెట్టి పండబెట్టుకొని తిరిగొచ్చేసరికి గంటన్నర అయింది. అంతలోకే కొండల్లో పడిన వాన వాగులోకి దిగింది. నీళ్లు ఎర్రగా మారినాయి. సున్నపు రాళ్లు సగం మునిగినాయి. యోబు బండి ఆపి చూసినాడు. మోకాటి లోతుంటుందనుకున్నాడు. వెనక కృష్ణమ్మ పండ్లు కరుచుకొని మూలుగుతాంది. రంగమ్మ దోవకల్లే చూస్తా కూచుంది. యోబు ఫస్టు గేరు వేసి నీళ్లలోకి దించినాడు.

చప్టా నడిమికి వచ్చేసరికి ఇంజిను ముందరి ఫ్యాను నీళ్లను ఎగరగొట్టి డెల్కో మీద పోసింది. ప్లగ్గులకు నిప్పు పంచేది ఆ డెల్కోనే. అది తడిస్తే పెట్రోలు బండి నడవదు. ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫు కొడితే గరగరమంది. మళ్లీ కొడితే ఆ గరగర కూడా లేదు. తలుపుల సందుల్లోంచి నీళ్లు కాళ్ల మీదికి వచ్చినాయి. బండి కింద నుంచి ఎవరో భుజం పెట్టి నెట్టినట్ల వెనక చక్రం ఒక జానెడు పక్కకు జరిగింది.

ఆ జానెడు జరగడం యోబు వొంట్లో యాడో ఏదో తెగ్గొట్టింది. తలుపు ఎట్ల తీసినాడో, యాడ కాలు పెట్టినాడో తరవాత ఆయనకు గుర్తులేదు. ఒక సున్నపు రాయిని పట్టుకున్నాడు, అది గుర్తుంది. దాని అంచు అరచేతిని కోసింది. మళ్లీ తెలివి వచ్చేసరికి ఒడ్డున బురదలో మోకాళ్ల మీద ఉన్నాడు. నల్లరేగడిపల్లె పక్క ఒడ్డు. వెనక్కి తిరిగి చూస్తే నీళ్ల నడిమి తన బండి, దాంట్లో ఇద్దరు ఆడోళ్లు.

అప్పుడు లేచి పరిగెత్తినాడు, ఊరికల్లే. చేనిలో మడక దున్నుతాండే ఇద్దరు కనపడితే అరిచినాడు. వాళ్లు ఎద్దులను విప్పుకొని, మోకులు తీసుకొని వచ్చినారు. ఒకడు నడుముకు మోకు కట్టుకొని నీళ్లలో దిగి బండి వెనక బంపరుకు ఇంకో మోకు తగిలించినాడు. నాలుగెద్దులు కట్టి వెనక్కి లాగినారు. లోపల రంగమ్మ కోడలి తలను ఒళ్లో పెట్టుకొని, కాళ్లు సీటు మీదికి ముడుచుకొని ఉంది. ఆళ్లగడ్డ పోయే మాట ఇంక లేదు. ఒడ్డుకు దగ్గరుండే ఒకరి కొట్టంలో, మధ్యాహ్నం దాటినాక, కృష్ణమ్మ ఆడపిల్లను కనింది. తల్లీ బిడ్డా బతికినారు.

ఊరోళ్లు యోబు భుజం తట్టినారు. ప్రాణానికి తెగించి నీళ్లలో నడిచిపోయి మనుషులను పిలుచుకొచ్చినాడని అందరూ అన్నారు. యోబు తల వంచుకొని విన్నాడు. తాను పోయింది మనుషుల కోసం కాదని, ఒడ్డుకు చేరినాకనే ఆ ఆలోచన వచ్చిందని చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రానికి జ్వరం తగిలింది. చుట్టుదోవన ఎడ్లబండిలో బస్సు రోడ్డుకు చేర్చినారు.

ఆ జ్వరం నాలుగు దినాల్లో దిగింది కానీ భయం దిగలేదు. స్నానానికి చెంబుతో నెత్తిన నీళ్లు పోసుకుంటే ఊపిరి ఆగినట్లయ్యేది. రోడ్డు మీద వాననీళ్లు నిలిచుంటే చుట్టు తిరిగి పోయేవాడు. వాగు అనే మాట ఎవరన్నా ఎత్తితే లేచి అవతలికి పోయేవాడు. ఆయన భార్య లూదియా మిషను బడిలో టీచరు. పిల్లలు ఎందుకు భయపడతారో మొగం చూసి పట్టేసే మనిషి. ఆమె అడిగితే, బండి పోయింది గదా, ఆ దిగులేనని చెప్పినాడు.

బండిని హుసేన్ పీరా ట్రాక్టరుకు కట్టించి వేరే ఊళ్ల మీదుగా నంద్యాలకు తెప్పించినాడు. ఆ వాగు దోవ మూసినారంటే, నీళ్లు ఇంకా తగ్గలేదు గామోసు అనుకున్నాడు యోబు. అంతకు మించి అడగలేదు.

పీరా షెడ్డు ఆత్మకూరు రోడ్డులో ఉండేది. ఇంజిను విప్పి, చాంబరులో నూనెకు బదులు ఎర్ర బురద ఉందని చూపించినాడు. పిస్టన్లు ఆడే బోరు గీతలు పడింది. ఒక కనెక్టింగు రాడ్డు వంగింది. ఇంక రెండే దోవలని చెప్పినాడు. ఒకటి, ఉండే ఇంజిన్నే బోరింగు చేయించి, అంటే బోరును నున్నగా చెక్కించి, పెద్ద సైజు పిస్టన్లు వేసి, హెడ్డు చెక్కించి ముందరికంటే బలంగా లాగేటట్ల చేసుకోవడం. రెండు, దాన్ని దించేసి డీజిలు ఇంజిను ఎక్కించడం. ఒక వ్యానుది మంచి ఇంజిను కర్నూలులో ఉందని కూడా చెప్పినాడు. ఆ కాలంలో పెట్రోలు రేటు చూసి టాక్సీలోళ్లు చానామంది డీజిలుకు మారుతాండ్రి.

యోబు రేటు గురించి అడగలేదు. నీళ్ల గురించి అడిగినాడు.

"డీజిలుకు ప్లగ్గుల్లేవు, డెల్కో లేదు," అన్నాడు పీరా. "తడిసేదానికి ఏముండాది దాంట్లో? గాలి గొట్టంలోకి నీళ్లు పోనంతవరకు అది ఆగదు యోబూ. నడుము లోతులో కూడా గుడుగుడుమని పోతాంటాది."

ఆ మాటతో యోబుకు ప్రాణం లేచొచ్చింది. ఆగని ఇంజిను. ఆయనకు కావలసింది అదే. అది ఉంటే తాను తలుపు తీయాల్సిన పని ఉండదు. తాను ఎట్లాంటి మనిషో ఇంకోసారి బయటపడదు. డీజిలు ఎక్కించమని చెప్పి ఇంటికి పోయినాడు. లూదియా కూడా అదే మంచిదని ఆ రాత్రి ప్రార్థనలో కలుపుకొనింది.

రెండు దినాల తరవాత ప్రభుదాసు వచ్చి తన బండి తోలి చూడమన్నాడు. ప్రభుదాసు కూడా స్టాండులో డ్రైవరే, అంతకు ఆరునెలల కింద డీజిలుకు మారినోడు. ఇద్దరూ మహానంది రోడ్డు పట్టినారు. యోబు స్టీరింగు దగ్గర, ప్రభుదాసు వెనక సీట్లో. ఇంజిను బరువుకు బండి ముందరికి ఒరిగింది, స్టీరింగు రాయిలాగుంది. బ్రేకు తొక్కితే ఆగాల్సిన చోటు కంటే ఇంకో పది బారలు ముందుకు పోయి ఆగుతాంది. అవన్నీ సర్దుకోవచ్చు. చప్పుడు మాత్రం వేరే. డ్యాషుబోర్డు నుంచి పండ్ల వరకు అన్నీ అదురుతాండాయి. కొంతదూరం పోయినాక ఎవరో భుజం పట్టుకొని ఊపినారు. యోబు అదిరిపడి బండిని గట్టు మీదికి ఎక్కించబోయి ఆపుకున్నాడు. ఒకటికి మూడుసార్లు ఆపమని పిలిచినానని, వినపళ్లేదా అని ప్రభుదాసు నవ్వినాడు.

యోబు నవ్వలేకపోయినాడు. వెనక సీట్లో ఒక ఆడమనిషి నొప్పులతో పిలిస్తే తనకు తెలియదు. తన పెట్రోలు బండిలో వెనక కూచున్నోళ్లు నిట్టూర్చినా తెలిసేది. ఆ ఇంజినుకు దగ్గు వచ్చినా, జలుబు చేసినా ముందే పసిగట్టేవాడు. ఈ కొత్తది ఏం చేస్తుందో ఆయనకు తెలియదు. షెడ్డుకు వచ్చి, ఇంకొక వారం ఆగమన్నాడు. పీరా చేతిలో స్పానరు కింద పెట్టి, ఏదో ఒకటి తేల్చుకోమని, వానాకాలం పోతే తన షెడ్డు ఖాళీ ఉండదని చెప్పినాడు.

ఆ వారమంతా యోబుకు నిద్ర సరిగా లేదు. పాత ఇంజినంటే నీళ్ల నడిమి దగ్గిన ఆ దగ్గు గుర్తొచ్చేది. కొత్త ఇంజినంటే చెవులు మూసుకొని తోలినట్లుండేది. ఏది ఎంచుకున్నా దాని వెనక ఒక చావు నిలబడినట్లు తోచేది. బండిలో దొరికిన రంగమ్మ ఇత్తడి చెంబు ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని ఇచ్చొస్తానని చెప్పి ఒక పొద్దున బస్సెక్కినాడు. నిజానికి ఆ చప్టాను ఒకసారి చూడాలని ఉంది ఆయనకు. చూడకుండా ఏదీ తేల్చుకోలేనని తెలిసిపోయింది.

బస్సు దిగి ఆళ్లగడ్డ వైపు నుంచి వాగులోకి నడిచినాడు. నీళ్లు పాదాలు తడిసేంతే ఉన్నాయి. అయినా ఒక్కో అడుగూ చూసి వేసినాడు. చప్టా మొదట్లోనే ఎడ్లబండ్లు దోవ వదిలి పక్కన ఇసకలోకి దిగి పోయిన గాడులు కనపడినాయి. ఎందుకా అని ఇంకొంచెం ముందుకు పోతే, చప్టా లేదు. ఒక ఎద్దులబండి ఎద్దులతో సహా పట్టేంత మేర సిమెంటు, రాళ్లు అన్నీ కొట్టుకపోయినాయి. గుంతలో పచ్చని నీళ్లు నిలిచున్నాయి. పక్కన పడిన కొమ్మ ఒకటి తీసుకొని దించినాడు, అడుగు తగల్లేదు.

చుట్టూ తిరిగి అవతలికి పోయినాడు. తన చేతిని కోసిన సున్నపు రాయి అక్కడే ఉంది, అంచు విరిగి. అక్కడి నుంచి గుంత వరకు అడుగులు వేసినాడు. తొమ్మిది. యోబు ఆ తడి సిమెంటు మీదనే కూలబడినాడు. పొద్దు నడినెత్తికి వచ్చేవరకు లేవలేదు.

రంగమ్మ ఇంటికి పోయేసరికి ఆమె వాకిట్లో కందులు చెరుగుతాంది. చెంబు తీసుకొని, మజ్జిగ ఇచ్చింది. లోపల మనవరాలు నిద్రపోతాందని, కోడలు తేరుకుందని చెప్పింది. యోబు మజ్జిగ తాగకుండానే అడిగినాడు, చప్టా ఎప్పుడు తెగిందో తెలుసునా అని.

"ఆ పొద్దే తెగింది," అనింది రంగమ్మ. "నువ్వు దిగి పోయినాక నేను ముందుకు చూసినా. నీళ్లు ఆడ గుండ్రంగా తిరుగుతాండాయి, రోట్లో తిప్పినట్ల. నీకు చెబుదామనుకుంటి. నువ్వు లేవు."

యోబు గ్లాసు కింద పెట్టినాడు.

"నేను మనుషుల కోసం పోలేదు పెద్దమ్మా."

"నాకి తెలుసు. నువ్వు పరిగెత్తినావు. నీ మొగం చూసినా గదా." ఆమె చాట ఆపలేదు. "నాకి కాళ్లలో సత్తువుంటే నేనూ పరిగెత్తేదాన్నే. కోడలి తల నా ఒళ్లో ఉండె, దానికే కూచుంటి. ఎద్దుల్ని తోలుకొచ్చినావు. మజ్జిగ తాగు."

ఆమె ఎవరికీ చెప్పలేదని యోబుకు అర్థమైంది. మజ్జిగ తాగి లేచినాడు.

షెడ్డుకు పోయి పీరాను ఒకే మాట అడిగినాడు. ఆ పొద్దు బండిలో డీజిలు ఇంజినుంటే ఆగేదా, పోయేదా అని. పోయేదని పీరా అన్నాడు. ఎందుకు అడుగుతాండావని గుచ్చి అడిగితే యోబు గుంత సంగతి చెప్పినాడు. అందుకే పాత ఇంజిన్నే బోరింగు చేయమన్నాడు.

పీరా చానాసేపు వాదించినాడు. ఒకసారి ఆగి కాపాడిందని ఇంజిను దేవుడైపోదని, ఇంకోసారి గుంత లేని చోట ఆగి, పైనుంచి వచ్చే నీళ్లకు అప్పగిస్తుందని అన్నాడు. ఆ మాట నిజమేనని యోబుకు తెలుసు. ఇది లెక్క చూసి చేసిన నిర్ణయం కాదు. ఆగని బండిలో కూచుంటే ముందర నీళ్లు తిరగడం తాను చూడనని, చూడకుండా పోతానని ఆయనకు భయం పట్టుకుంది. రెండు భయాల్లో తనకు తెలిసిన భయాన్ని పెట్టుకున్నాడు, అంతే.

బోరింగు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి, రాడ్డు మార్చి, హెడ్డు చెక్కించేసరికి డిసెంబరు వచ్చింది. పీరా సైకిలు ట్యూబు కోసి డెల్కోకు తొడుగు కుట్టినాడు. నీళ్లలో దిగే ముందు ఫ్యాను బెల్టు విప్పితే ఫ్యాను తిరగదని, నీళ్లు ఎగరవని నేర్పించినాడు. ఇది మొదటే తెలిసుంటే అని యోబు నోట్లోనే అనుకున్నాడు.

మరుసటి ఏడు వానాకాలానికి ముందరే చప్టా బాగుచేసినారు. ఆగస్టులో ఆళ్లగడ్డ బట్టల అంగడి కన్యకమ్మ, చెల్లెలింట్లో సీమంతానికి నల్లరేగడిపల్లె దాటి పోవాలని పిలిపించింది. వాగులో నీళ్లు పిక్కల వరకు ఉన్నాయి. యోబు బండి ఆపి, బెల్టు విప్పి, డిక్కీలోంచి కట్టె తీసుకొని నీళ్లలోకి దిగినాడు. అడుగడుగుకూ కట్టెతో పొడిచి చూస్తా అవతలి ఒడ్డు వరకు నడిచి, మళ్లీ వెనక్కి నడిచొచ్చినాడు. పట్టుచీర మడతలు నలుగుతాండాయని, పొద్దు పోతాందని కన్యకమ్మ సణిగింది. యోబు బండెక్కి ఫస్టు గేరులో దించినాడు. నడిమికి వచ్చేసరికి కండ్లకు చీకట్లు కమ్మినాయి. కానీ ఇంజిను ఆగలేదు, ఆయన తలుపు తీయలేదు.

అప్పటి నుంచి స్టాండులో ఆయనకు కట్టె యోబు అని పేరు పడింది. 1983లో ఒకసారి ఎర్రవాగులో నీళ్లు తొడల వరకు ఉంటే దాటనని చెప్పేసినాడు. బండిలో ఉండే రైతు కొడుకు నోటికొచ్చినట్లు తిట్టి, వెనక వచ్చిన డీజిలు జీపు ఎక్కి, యోబు కండ్ల ముందరే క్షేమంగా దాటిపోయినాడు. జీపులోంచి చెయ్యి ఊపి నవ్వినారు కూడా. ఆ రైతు ఊరోళ్లు తరవాత యోబును పిలవడం మానేసినారు. తాను చేసింది తప్పేమోనని ఆయన చాన్నాళ్లు మథనపడినాడు. తేలలేదు.

1986లో ఎర్రవాగు మీద ఎత్తు వంతెన కట్టినారు. ఆ ఏడే బోరింగు చేసిన ఇంజిను పొగ కక్కడం మొదలుపెట్టింది. ఈసారి పీరా అడగలేదు, యోబు ఆలోచించలేదు. డీజిలు ఎక్కించుకున్నాడు. వంతెన తెరిచిన కొత్తలో ఆయనా లూదియా ఆ పక్క పల్లెలో ప్రార్థన కూటానికి పోతాండ్రి. వంతెన నడిమికి రాగానే బండి దానంతట అదే నెమ్మదించింది. కింద నీళ్లు చానా దూరంలో, చానా సన్నగా పారుతాండాయి. అయినా యోబు చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

ఏందీ అని లూదియా అడిగింది. ఆయన బండి పక్కకు ఆపి తాళం తిప్పినాడు. ఆరేండ్ల కింద ఆ పొద్దు జరిగిందంతా, తలుపు తీసిన కాడి నుంచి ఒడ్డున బురద వరకు, ఒక్కటీ దాచకుండా చెప్పినాడు. అంతా విని, లూదియా అద్దం దించి కింద నీళ్లకల్లే చూసింది.

"రంగమ్మకు తెలుసునా?" అని అడిగింది చివరకు.

తెలుసునన్నాడు.

"ఆమెకు తెలిసి ఆరేండ్లాయె. నాకు ఈ పొద్దు," అనింది లూదియా. కోపంగానే అనింది. ఆ కోపం ఆ దినమంతా పోలేదు. కూటంలో పాటలు పాడేటప్పుడు కూడా ఆయనకల్లే చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, వంతెన ఇంకా రాకముందే, చెయ్యి చాపి ఆయన మోకాటి మీద పెట్టింది. దాటేవరకు తీయలేదు.